సూరత్‌లో మంచుకాటు

భాగీరథి వేళ్లకు మొట్టమొదట పేరు పెట్టింది ఆమె ఆడబిడ్డ పోశమ్మ. అదీ భాగీరథి చేసిన రొట్టె తింటూ పెట్టింది.

ఎండాకాలం. సూరత్ శివారు ఉన్‌లో రేకుల ఇళ్లన్నీ పెనాల్లా కాగుతున్నాయి. పొయ్యి ముందు కూర్చున్న భాగీరథి కుడిచేతికి చుట్టుకున్న పాత చీరపేలిక చెమటకు తడిసి జారిపోయింది. మళ్లీ చుట్టుకునేలోపే పోశమ్మ కళ్లు దాని మీద పడ్డాయి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, మూడింటి కొసలూ మాడిన మిరపకాయల్లా నల్లబడి ముడుచుకుపోయాయి.

"వదినె, ఏందది?"

"పొక్కులు లేచి పలిగినయి. మానుతయిలే."

"నొస్తలేదా?"

"నొప్పి లేదు గిప్పి లేదు. గిల్లినా తెల్వది."

పోశమ్మ నములుతున్నది ఆపేసింది. "మా అత్తగారి ఊళ్లె ఎల్లవ్వని ఒకామె ఉండె. గిట్లనే మొద్దుబారినయి, ఎనక నల్లబడ్డయి, ఆఖరుకు ఊడిపోయినయి." కంచం కింద పెట్టి గొంతు తగ్గించింది. "పెద్దరోగం గాదు గద వదినె?"

ఆ తగ్గించిన గొంతు ఇంట్లో ఉన్నంతసేపే. గల్లీలోకి పోయాక పెరిగింది.

భాగీరథి సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. సిరిసిల్ల దిక్కునుంచి, కరీంనగరం దిక్కునుంచి వచ్చి సాంచాలనే మరమగ్గాల మీద బట్ట నేసే ఒంటరి మగవాళ్లు షిఫ్టు దిగి నేరుగా ఆమె గడప దగ్గరికి వస్తారు. పూరీలు, ఢోక్లాలు ఎన్ని తిన్నా వాళ్లకు కడుపు నిండదు. రొట్టె మీద ఇంత కారం, ఇంత ఉల్లిగడ్డ పడితేనే తిన్నట్టు. అలాంటిది ఆ వారం ఒక్కొక్కడే తగ్గాడు. ఒకడు కడుపు బాగలేదన్నాడు. ఒకడు ఊరికి పోతున్నానని చెప్పి మర్నాడు అదే గల్లీలో ఎదురుపడి తల దించుకున్నాడు. చేసిన రొట్టెలు నర్సింగమే రెండు పూటలా తిన్నాడు.

నర్సింగం ఆమె పెనిమిటి. సాంచాల మోతకు సగం చెవులు పోయిన మనిషి. పోయిన సగంతోనే లోకమంతా తనమీద నవ్వుతోందని వింటుంటాడు.

"నిజంగ పెద్దరోగమేనానే?" అని అడిగాడు, గట్టిగా. అతని గుసగుస కూడా మూడిళ్లకు వినిపిస్తుంది.

"నీ చెల్లె నోరు పెద్దరోగం. పొయ్యిమీద కాలిందని నీకు చెప్పలేదా?"

చెప్పింది. అయితే ఆమె చెప్పింది చివరి ముక్క మాత్రమే.

సాంచాలు సగం దినాలు బందయినప్పటినుంచి ఆమె సచిన్ అనే పేట దగ్గర ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో పనికి పోతోంది. పని పెట్టించింది పరుశురాం. వాళ్ల కులంవాడే, కుల సంఘంలో పెద్దమనిషి, ఆ కంపెనీకి కూలీలను కూర్చే ఠేకేదారు. నర్సింగాన్ని బావా అంటాడు, ఆమెను చెల్లె అంటాడు, ఇద్దరి పనిలోనూ తన వాటా తాను తీసుకుంటాడు.

కంపెనీలో ఒక గది ఉంది. తలుపు తీస్తే పొగలా చలి బయటికి దొర్లుతుంది. ఫ్యాన్లు ఊదే ఆ గాలికి చేపలు కట్టెల్లా బిగుసుకుంటాయి. నోళ్లు కుట్టిన సంచుల్లోంచి వాటిని తీసి అట్టపెట్టెల్లో సర్దాలి. కొంచెంసేపు లోపల, కొంచెంసేపు బయట, అదీ పద్ధతి. ఆ రోజు లారీ వచ్చి నిలబడింది. పద్ధతి లారీ ఎక్కింది.

మిగతా ఆడవాళ్లు సంచి నోటి కుట్టు మీద బ్లేడు వేసి పరపరా కోసేవాళ్లు. భాగీరథికి అది చేతకాదు. చిన్నప్పుడు మగ్గం గుంట పక్కన కూర్చున్నప్పుడు తండ్రి నేర్పిన బుద్ధి ఒకటి ఆమె వేళ్లలో కూర్చుని ఉంది: పోగు తెగితే అతకాలి, బాగున్న పోగును తెంపొద్దు. ఆ సంచుల కుట్టుకు ఒక కొస ఉంటుంది. అది దొరికితే లాగడమే, దారమంతా గొలుసులా ఊడి చేతికొస్తుంది. అదొక సంబరం ఆమెకు. దారాన్ని ఉండ చుట్టి కొంగున వేసుకుంటే పూలు కట్టుకోవచ్చు, బొంతలు కుట్టుకోవచ్చు. అయితే తొడుగుల్లోంచి కొస అందదు. పైగా ఆ తొడుగులు అంతకుముందు షిఫ్టు వాళ్లు విడిచిన తడి తొడుగులు. ఆమె కుడిచేతి తొడుగు తీసేసింది. సంచి తర్వాత సంచి, కొస తర్వాత కొస. వేళ్లు మండాయి, తర్వాత సూదులు గుచ్చినట్టయ్యాయి, తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం హాయిగానే అనిపించింది.

బయటికొచ్చి చూసుకుంటే మూడు వేళ్లూ కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఇంటికి పోయి ఆమె ఏ ఆడమనిషైనా చేసే పనే చేసింది. చలి పట్టిన చేతికి సెగ చూపించింది. స్టవ్ మంట మీద అటూ ఇటూ తిప్పింది. వెచ్చదనం తెలియక ఇంకా దగ్గర పెట్టింది. కాలిన వాసన ముక్కుకు తగిలాక గానీ చెయ్యి తీయలేదు. వేళ్లు ఆమెకేమీ చెప్పలేదు.

ఇప్పుడు గల్లీ నోరు మూయించాలంటే డాక్టరే దిక్కని మొగుడూ పెళ్లాలు సర్కారు దవాఖానకు పోయారు. అక్కడ ఒక తెలుగు డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. హిమశ్రీ అని, ఆంధ్ర అమ్మాయి, చదువు ముగించి ఈమధ్యే వచ్చింది. ఆమె చేతిని వెలుగులో తిప్పి చూసింది, సూదితో గుచ్చి చూసింది, ఎక్కడ పని చేస్తావని అడిగింది. చలిగది సంగతంతా చెప్పించుకుంది.

"ఇది కుష్ఠు కాదమ్మా. ఫ్రాస్ట్‌బైట్."

"గట్లంటే?"

"అంటే..." డాక్టరమ్మ తెలుగు మాట కోసం వెతుక్కుంది. "పుస్తకాల్లో శీతదష్టం అంటారు. మంచుకాటు అనుకోండి. విపరీతమైన చలికి వేలి లోపలి నీరే గడ్డకట్టేస్తుంది. నెత్తురు అందక ఆ కండ చచ్చిపోతుంది. మంచుకొండల్లో సైనికులకు వస్తుంది."

నర్సింగం చెవి ముందుకు పెట్టి విన్నాడు. కిటికీలోంచి బయట సలసలా కాగుతున్న రోడ్డును చూశాడు. తర్వాత నవ్వాడు. "సూరత్‌ల మంచు కరిసిందా మేడం?"

"ఎముకలు కొరికే సలి అని మనమే అంటం గద," అంది భాగీరథి. ఆమెకు ఆ మాట ఎందుకో నచ్చింది. ఇన్నాళ్లకు తన వేళ్లకు జరిగిన దానికి ఒక పేరు ఉంది. ఆ పేరులో కరిచినది ఒకటి ఉంది, కరిపించుకున్నది ఒకటి ఉంది.

"అది మాటవరసకనేది," అన్నాడు నర్సింగం.

"మాటవరసకు అన్నదే నా వేళ్లు తిన్నది."

డాక్టరమ్మ నవ్వలేదు. "గడ్డకట్టిన చెయ్యిని మంట మీద పెట్టకూడదమ్మా. గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. ఇంకెవరికైనా ఇలా అయితే చెప్పండి. మీ వేళ్లు మాత్రం... కొసలు తీసెయ్యక తప్పదు." చీటీ మీద రెండూ రాసింది: చలి దెబ్బ, దాని మీద కాలిన పుండు.

ఆ చీటీ తీసుకుని కంపెనీ గేటు దగ్గరికి పోతే మేనేజరు రెండోదే చదివాడు. "చూల్హే పే జలా హై. తుమ్నే హీ తో బోలా," అన్నాడు. పొయ్యిమీద కాలిందని నువ్వే అన్నావు కదా అని. పొక్కులు లేచిననాడు అతనికీ ఆమె అంతే చెప్పింది. వైద్యం పెట్టించండి, చలిగది కాని పని ఏదైనా ఇవ్వండి అంటే అతను ఇంకో సంగతి తీశాడు. తొడుగు తీసింది ఎవరు? సంచుల దారం దొంగతనం చేయడానికి నువ్వే తీశావు. కంపెనీ తొడుగులు ఇవ్వలేదా? బ్లేడుతో కోసి చెత్తలో పారేసే దారం కొంగులో వేసుకుంటే దొంగసొమ్ము అవుతుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

దవాఖానలో వేళ్ల కొసలు తీసేశారు. కట్టుతో ఇంటికి వచ్చినరోజు ఎవరు పలకరించినా భాగీరథి ఒకటే మాట చెప్పింది. "పెద్దరోగం గాదు. మంచుకాటు. పెద్ద డాక్టరమ్మ చెప్పింది."

ఆ మాట గల్లీలో ఒక్క పూటలో పాతబడింది. సాంచాల పిల్లలు, అంటే ఆ ఒంటరి కుర్రాళ్లే, దాన్ని ఆటకు వాడుకున్నారు.

"పెద్దమ్మా, కశ్మీర్ ఎప్పుడు పోయొచ్చినవ్? యాపిల్ పండ్లు తేకపోతివి?"

చెమటలు కారుతూ షిఫ్టు దిగినవాడు బనీను విప్పి విసురుకుంటూ, "అరే, మంచుకాటు ఏసిందిరా బై," అనేవాడు. జీతం ఆలస్యమైతే శేఠుకు మంచుకాటు. కరెంటు పోతే సాంచాకు మంచుకాటు. ఒక్క భాగీరథి వేళ్లకు మాత్రం ఆ మాట ఎవరూ వాడలేదు. వాటికి పాత పేరే ఉంది. కొసలు ఊడాక ఆ పేరు మరీ గట్టిపడింది. ఎల్లవ్వకు ఊడలేదా?

ఆమె గడప ముందు నిలబడేవాళ్లు లేరు. పిండి డబ్బాలో పురుగు పట్టింది.

శ్రావణంలో నూలు పున్నం వచ్చింది. సూరత్‌లోని పద్మశాలీలందరికీ పెద్ద పండుగ. ఆ రోజు సంఘంలో కొత్త జంధ్యాలు వేసుకుంటారు, ఊరేగింపు తీస్తారు, బంతి భోజనాలు పెడతారు. ప్రతి ఏడూ రొట్టెల పని భాగీరథిదే. ఈసారి పిలుపు రాలేదు. పిలుపుకు బదులు పరుశురామే వచ్చాడు.

మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఇచ్చిన గ్లాసు చేతిలో పట్టుకున్నాడు, నోటికి మాత్రం పెట్టుకోలేదు.

"చెల్లె, నాకు తెల్వదా నీకేమైందో? నేనే తోలిన గద పనికి. గాని జనానికి ఎట్ల చెప్తవు? మంచు అంటవు. మంచు ఎవడు చూసిండు ఈడ? మనిషి తెల్వనిదాన్ని నమ్మడు. తెలిసినదాన్ని చెప్పు, నమ్ముతడు."

"ఏం చెప్పాలె?"

"పోపు పెడుతుంటె కాగిన నూనె పడ్డదని చెప్పు. ప్రతి ఇంట్ల ఆడదానికి అయ్యేదే. సంఘంల నలుగురి ముంగట ఒక్కసారి నీ నోటితోని చెప్పు. నేను లేచి నీ చేతి రొట్టె తింట. నేను తిన్నంక కాదన్నోడు ఎవడు?"

సంఘంలో అదొక రివాజు. కాయితాల మీద వాళ్లకు నమ్మకం తక్కువ. పెద్దల ముందు నోటితో చెప్పినదే రాసుకున్నట్టు. భార్యాభర్తల తగాదా అయినా, అప్పు అయినా, ఆ మాట మళ్లీ తిరగదు.

"కంపెనీ సంగతి?" అంది భాగీరథి.

"కంపెనీతోని నీకేం పని ఇంక?" పరుశురాం గ్లాసులోకి చూశాడు. "మంచుకాటు మంచుకాటు అని నువ్వు గల్లీల తిరుగుతుంటె ఆడవాళ్లు పనికి వస్తలేరు. శేఠు నన్ను అడుగుతున్నడు."

అప్పుడు అర్థమైంది ఆమెకు. తన మాటను గల్లీ నమ్మలేదని ఇన్నాళ్లు ఏడ్చింది. నమ్మినవాడు ఒకడున్నాడు, వాడే అది నోట్లోంచి తీసెయ్యమంటున్నాడు.

అతను పోయాక నర్సింగం అన్నాడు: "ఒక్క మాట. మింగితె అయిపాయె. ఏం, గొంతుల అడ్డం పడుతదా?"

"నీకేం, నీ వేళ్లున్నయి."

"నా వేళ్లకే గద తిండి లేనిది. పోశమ్మ మన గడప తొక్కి ఎన్ని రోజులాయె? ఇగ ఎంతకాలమే?"

నూలు పున్నం నాడు సంఘం షామియానా కింద భాగీరథి నిలబడింది. ముందు వరుసలో పెద్దలు, వెనక ఆడవాళ్లు, ఆడవాళ్లలో పోశమ్మ, ఆమె పక్కన కొత్త కోడలు జమున. భాగీరథి కట్టు విప్పి చెయ్యి పైకెత్తింది. "నూనె పడి కాలింది," అంది. గొంతులో ఏమీ అడ్డం పడలేదు. అదే ఆమెకు ఆశ్చర్యం.

పరుశురాం లేచాడు. ఆమె చేసి తెచ్చిన రొట్టె తుంచి, పప్పులో అద్దుకుని, అందరికీ కనబడేట్టు నమిలాడు. "ఇగ ఎవడన్న మల్ల ఆ మాటంటె సంఘానికి జవాబు చెప్పాలె," అన్నాడు. పోశమ్మ వచ్చి వదినె భుజం మీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్పొచ్చు గద నూనె అని! ఏదో మంచు గించు అంటివి, మాకు భయం గాదా?"

మర్నాటినుంచి గడప నిండింది. మొండివేళ్లతో రొట్టె తట్టడం ఆమె నేర్చుకుంది. అరచేతి మొదలుతో ఒత్తి, ఎడమచేత్తో తిప్పేది. రొట్టె ముందటంత గుండ్రంగా రాకున్నా ఎవరూ వంక పెట్టలేదు. కశ్మీరు మాట కూడా ఆగిపోయింది. ఆమె నిజం చెప్పినప్పుడు నవ్విన పిల్లలే ఇప్పుడు, "పాపం, సలసల కాగే నూనెనంట," అని జాలిపడ్డారు.

చలిగదిలో ఆమె జాగా ఖాళీగా ఉంది కదా. పరుశురాం ఆ జాగాలోకి జమునను పెట్టించాడు. పోశమ్మ ఆ సంగతి చెప్పడానికే వచ్చి, "నీ పనే ఇచ్చిండు వదినె, మనింట్లనే ఉన్నట్టాయె," అంది. భాగీరథి పిండి కలుపుతూనే ఉంది. "తొడుగులు తియ్యొద్దని చెప్పు పిల్లకు," అని మాత్రం అనగలిగింది. ఎందుకని పోశమ్మ అడగలేదు. ఆమె చెప్పలేదు.

భాద్రపదం దాటకముందే ఒక సాయంత్రం, గడప ముందు సాంచాల పిల్లలు రొట్టెలకోసం నిలబడి ఉండగా, పక్కింట్లోంచి పోశమ్మ గొంతు వినిపించింది. "గంత బిగుసుకపాయెనా? ఉండు, స్టవ్ ముట్టిస్త. జర సెగ చూపియ్యి, అదే పోతది."

భాగీరథి పెనం మీది రొట్టె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

జమున స్టవ్ ముందు కూర్చుని ఉంది. మంట ఎగుస్తోంది. ఆ పిల్ల చేతివేళ్లు నాలుగూ కొవ్వొత్తుల్లా ఉన్నాయి.

భాగీరథి స్టవ్ ఆర్పేసింది. "సెగ పెట్టొద్దు! నీళ్లు తెండి, గోరువెచ్చగ. సెగ పెడితె పోతయి వేళ్లు!"

"ఏంది వదినె, ఏమైంది నీకు? సలి పట్టిన చెయ్యి, సెగ పెట్టక ఏం చేస్తరు?"

"నేను గట్లనే పెట్టిన. మంచుకాటు ఇది."

పోశమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మల్ల అదే పాట! నీది నూనె గద? సంఘంల నిలబడి చెప్పినవు గద?"

భాగీరథి తలెత్తింది. సందడి విని ఆమె వెనకే వచ్చిన సాంచాల పిల్లలు వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. చేతుల్లో ఆమె కాల్చిన రొట్టెలు ఉన్నాయి. ఒకడు నములుతున్నాడు. నర్సింగం వాళ్ల భుజాల మీదుగా తల పెట్టి చూస్తున్నాడు, వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"అబద్ధం చెప్పిన," అంది భాగీరథి. "నూనె లేదు, ఏం లేదు. కంపెనీల అయింది నాకు. ఈ పిల్లకు గూడ అదే."

ఆమె ఎవరికోసమూ ఆగలేదు. స్టవ్ పక్కనున్న వేడినీళ్లు గిన్నెలో పోసి, కుండలోని చల్లనీళ్లు కలిపి, ఎడమ మోచేతితో వేడి చూసి, జమున చెయ్యి పట్టుకుని అందులో ముంచింది. కాసేపు ఏమీ కాలేదు. జమున బొమ్మలా చూస్తూ కూర్చుంది. తర్వాత వేలి మొదట్లో రవ్వంత ఎరుపు కనిపించింది. ఆ ఎరుపుతోపాటే నొప్పి వచ్చింది.

జమున కెవ్వుమంది. "అత్తా! వదులు, వదులు! మండుతున్నది, పాణం పోతున్నది!"

"ఇంతసేపు పిల్లకు నొప్పే లేకుండె!" పోశమ్మ గుండెలు బాదుకుంది. "నువ్వు ముట్టినంకనే మొదలైంది! మా ఎల్లవ్వది గూడ గిట్లనే అంటుకున్నది ఇంటోళ్లకు! వదులు నా కోడలిని! సంఘం ముంగటనే అబద్ధమాడినదానివి, ఇంకేం దాస్తున్నవో!"

ఆమె జమున రెండో చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది. భాగీరథి నీళ్లలోని చేతిని వదలలేదు. నీళ్లు చల్లబడకముందే ఇంకొన్ని వేడినీళ్లు కలపాలి, ఎవరినైనా అడుగుదామని వాకిలివైపు తిరిగింది. పిల్లలు వెనక్కి జరుగుతున్నారు. నములుతున్నవాడు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఇంకొకడు చేతిలోని రొట్టెలు తీసుకొచ్చి, మర్యాదగానే, గడప పక్కన నేల మీద పెట్టి పోయాడు. నర్సింగం మాత్రం అక్కడే నిలబడి, తనకు సరిగ్గా వినిపించలేదన్నట్టు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"వేడినీళ్లు," అంది భాగీరథి. "వేడినీళ్లు తేవయ్యా."

జమున ఏడుస్తూనే ఉంది. అంత గట్టిగా నొస్తోందంటే వేళ్లు బతికే ఉన్నాయి. ఆ సంగతి చెబుదామనుకుంది గానీ, వినే మొహం అక్కడ ఒక్కటీ కనబడలేదు.